మేస్త్రికి ఆ మెసేజ్ పంపడం ఇక ఆపండి

"తుంటి ఆపరేషన్ చేయించుకుంటున్నారా? డాక్టర్లు దాచిపెట్టే భయంకర నిజాలు!" అనే మెసేజ్ మన గ్రూపులోకి వస్తూనే ఉంది. ఒకరు పంపుతారు, ఇంకొకరు చదవకుండానే దండం పెట్టే బొమ్మ తగిలిస్తారు, మూడోరోజు ఆ దండం పెట్టినాయనే కొత్తగా దొరికినట్టు మళ్లీ పంపుతాడు. మామూలుగా అయితే తుడిచేసి నా పని నేను చూసుకునేవాణ్ని. కానీ ఈ గ్రూపులో మన వడ్రంగి మేస్త్రి ఉన్నాడు. ఎడమ తుంటి కీలు మార్చే తేదీ ఖాయమైంది. చిత్రిక పట్టేటప్పుడు బరువు వెనక కాలి మీంచి ముందు కాలి మీదికి జరగాలి కదా, అది చేతగాక ఒక్క కాలి మీదే నిలబడి భుజంతో తోస్తున్నాడు. సాయంత్రానికి భుజమూ పోతోంది. బూటు లేసు అందక ఎన్నాళ్లుగానో లేసుల్లేని బూట్లే వేసుకుంటున్నాడు. అలాంటి మనిషి రాత్రి పడుకోబోయే ముందు చదవాల్సింది ఇదా?

సరే, పాయింట్ల వారీగానే చూద్దాం.

"ఎముకను రంపంతో కోస్తారు, సుత్తితో కొడతారు."

నిజమే. కోస్తారు, కొడతారు. అరిగిన ఎముక తల కోసి తీసేస్తారు, గిన్నెలాంటి గుంటను గుండ్రంగా చెక్కి అందులో కొత్త గిన్నెను కొట్టి బిగిస్తారు, తొడ ఎముక లోపలి బోలును చిన్న సైజు ఆకురాయితో మొదలుపెట్టి ఒక్కో సైజూ పెంచుకుంటూ రాచి, దానికి సరిపడే, కొత్త బంతిని మోసే కాడను దింపుతారు. ఇదంతా చదివి మీరు హడలిపోయారేమో గానీ, మేస్త్రి అడిగింది మాత్రం "బిగువు సరిపోయిందని ఆయనకెలా తెలుస్తుంది?" అని. సర్జన్ చెప్పిన జవాబు ఆయనకి తెగ నచ్చింది. ముందే ఎక్స్‌రే మీద కొలతలు వేసుకుంటారట, లోపల నమూనా ముక్కలు పెట్టి కాలు తిప్పి చూస్తారట, వాటన్నిటితో పాటు కాడ ఎముకలో కూర్చునేసరికి సుత్తి దెబ్బ శబ్దం మారుతుందట, చెవి పెట్టి వింటారట. "అయితే పని తెలిసినోడే" అన్నాడు మేస్త్రి. ఆ భయం అక్కడితో సరి.

"ఫలానా నూనెతో మర్దన చేసి ఆకు పసరు కట్టు కడితే అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుంది."

పెరగదు. ఆ గుజ్జుకి రక్తనాళాలే లేవు. ఒకసారి పోయాక పెద్దవాళ్లలో అది తనంతట తాను తిరిగి రాదు. పైగా తుంటి కీలు ఒంట్లోకెల్లా లోతున, మందపాటి కండరాల అడుగున ఉంటుంది. నూనె చర్మం దాటి, అంత కండ దాటి, అక్కడిదాకా పోయే దారేది? మర్దనతో బిగుసుకున్న కండరాలకి హాయిగా ఉంటుంది, అది కాదనను. హాయి వేరు, గుజ్జు వేరు.

"మోకాలు నొప్పి వస్తుంటే తుంటి మారుస్తారు, ఇదో మోసం."

తుంటి పాడైతే నొప్పి గజ్జల్లోనూ తొడ ముందు భాగంలోనూ తెలుస్తుంది, చాలామందికి మోకాల్లో కూడా తెలుస్తుంది. రెండు కీళ్లకీ ఒకే నరం కొమ్మలు పోతాయి మరి. మోకాలికి పట్టీలు కట్టుకుంటూ ఏళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కూర్చోబెట్టి పాదం బయటికి తిప్పినప్పుడు గజ్జలో పోటు వస్తే అది తుంటి సంగతి. అనుభవమున్న డాక్టరు ఎక్స్‌రే కన్నా ముందు చూసేది ఇదే.

"పదేళ్లకే అరిగిపోతుంది. అందుకే అరవై దాటేదాకా ఓర్చుకోండి."

ఈ భయం ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1950ల చివర్లో టెఫ్లాన్ గిన్నెలు పెట్టాడు. అవి కొద్ది ఏళ్లకే అరిగి, ఆ పొడి చుట్టూ ఉన్న ఎముకను తినేసింది. పెట్టినవాటిని ఆయనే తీయాల్సొచ్చింది. అంతటితో వదిలెయ్యకుండా పాలిథిలిన్ దొరికాక, ఈసారి ఆ ప్లాస్టిక్‌నీ టెఫ్లాన్‌నీ ముందు తన తొడలోనే పెట్టించుకుని చూశాడాయన! 1962లో మొదలైన ఆ రెండో రకమే ఇవాళ్టి ఆపరేషన్‌కి మూలం. ఆ తర్వాత స్వీడన్ 1979 నుంచి ఎవరికి ఏ కీలు పెట్టారో, ఎప్పుడు మళ్లీ తీశారో అన్నీ రాసి పెడుతోంది. ఇంకా కొన్ని దేశాలు అదే దారి పట్టాయి. అలాంటి రికార్డుల లెక్కలన్నీ కలిపి 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం 15 ఏళ్లకి నూటికి 89, 20 ఏళ్లకి 70, 25 ఏళ్లకి 58 కీళ్లు పనిచేస్తూనే ఉన్నాయి. అవీ పాతికేళ్ల కిందట పెట్టిన పాతరకాల లెక్కలు. ఇప్పటి ప్లాస్టిక్ అంతకన్నా బాగా తక్కువ అరుగుతుంది.

వయసు తక్కువున్నవాళ్లకి రెండో ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఎక్కువ, అది ఒప్పుకోవాల్సిందే. వాళ్లకి బతకాల్సిన ఏళ్లూ ఎక్కువే, కీలుకి పెట్టే పనీ ఎక్కువే. కానీ "ఓర్చుకోండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఓర్పు ఖరీదు చెప్పరు. కుంటుతూ నడిచిన కొద్దీ తొడ కండ కరుగుతుంది, నడుము వంకరపోతుంది, రెండో కాలు రెట్టింపు మోస్తుంది. మరీ చితికిపోయాక చేయించుకున్నవాళ్లు, ముందుగా చేయించుకున్నవాళ్లంత బాగా కోలుకోరు. మేస్త్రి ఎడమ తొడ కుడిదానికన్నా ఎంత సన్నబడిందో చూస్తే ఓర్చుకోమని మీ నోటంట రాదు.

"లోహం కరిగి రక్తం విషమైపోతుంది."

నేను కొట్టిపారేస్తాననుకుంటున్నారు కదూ? కొట్టిపారెయ్యను. ఈ మెసేజ్ మొత్తంలో కాస్త ఎముకున్న మాట ఇదొక్కటే. లోహపు గిన్నెలో పెద్ద లోహపు బంతి తిరిగే రకం ఒకటి ఉండేది. రెండు లోహాలూ రాసుకుని కోబాల్ట్, క్రోమియం రేణువులు రాలి, కొందరిలో కీలు చుట్టూ కండ చచ్చిపోయింది, రక్తంలోకీ ఆ లోహాలు చేరాయి. అందులో ఏఎస్ఆర్ అనే రకాన్ని 2010లో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకున్నారు. నష్టపోయినవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్ల కోపంలో న్యాయముంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది ప్లాస్టిక్ గిన్నెలో లోహపు బంతి, లేకపోతే సిరామిక్ బంతి. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "లోహమా?" అని కాదు, "బంతి దేనితో చేసింది, గిన్నె లోపలి భాగం దేనితో చేసింది?" అని. కీలు పెట్టె మీది లేబుళ్లు డిశ్చార్జి కాగితాల్లో అంటించి ఉంటాయి. అవి లేకపోతే అడిగి తీసుకుని దాచుకోవాలి. మేస్త్రి రెండూ అడిగాడు. మెసేజ్ రాసినవాడు మాత్రం ఆ రెండింట్లో ఒక్కటి కూడా చెప్పలేదు, భయపెట్టి ఊరుకున్నాడు.

ఇక చిల్లర మాటలు. జన్మలో ఎంఆర్ఐ తీయించుకోకూడదట: తీయించుకోవచ్చు, లోపల కీలుందని ముందే చెప్పాలి. విమానాశ్రయంలో పట్టుకుంటారట: గేటు కూతపెడితే చెబుతారు, వెళ్లిపోతారు. కాలు పొట్టిదైపోతుందట: కాస్త తేడా రావచ్చు, అరిగి అరిగి ఇప్పుడున్న తేడా సరయ్యేది కూడా ఈ ఆపరేషన్‌తోనే. వాన పడితే లోపలి ఇనుము తుప్పు పడుతుందట. దీనికి నా దగ్గర జవాబు లేదు, నమస్కారం ఉంది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఈ ఒక్క పాయింటే:

"ఆపరేషన్ అయ్యాక నలభై రోజులు కాలు కదపకుండా పడుకోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు గాయాన్ని మాననివ్వవు, ఇంటికి రాగానే ఆపెయ్యండి. ఆపరేషన్‌కి వారం ముందు నుంచే అన్ని మందులూ మానెయ్యండి."

ఒక్కసారి నిదానంగా చదవండి. మూడు వాక్యాలు. మూడూ మనిషి ప్రాణాల మీదికి తెచ్చేవే.

ఆపరేషన్‌లో కాలిని మెలితిప్పి కీలు బయటికి తీస్తారు. ఆ కాసేపూ తొడలోని పెద్ద సిర నొక్కుకుపోతుంది. ఎముకను చెక్కినప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలు బయటికొస్తాయి. ఇక మిగిలింది రక్తం కదలకుండా నిలిచిపోవడం. ఆ పని మనమే దగ్గరుండి చేయిస్తామన్నమాట, పడుకోబెట్టి! పిక్క కండరం పిండితేనే కాలి సిరల్లో రక్తం పైకెక్కుతుంది. కదలకపోతే అక్కడే పేరుకుని గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి గుండె కుడివైపు గుండా ఊపిరితిత్తిలోకి పోయి ఇరుక్కుంటే, అప్పటిదాకా కబుర్లు చెబుతున్న మనిషి కుప్పకూలిపోవచ్చు. ఇలాంటి మందులు ఇవ్వని రోజుల్లో, రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తే తుంటి ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు సగం మంది కాళ్లలో గడ్డలు కనిపించేవి. చాలావాటికి పైకి ఏ లక్షణమూ ఉండేది కాదు. ప్రమాదం ఆసుపత్రి గడప దాటగానే అయిపోదు, వారాల తరబడి వెంట వస్తుంది. అందుకే మనిషిని బట్టి ఆ మందులు 35 రోజుల దాకా కూడా వాడమంటారు. ఇంటికి రాగానే ఆపెయ్యమంటున్నాడు ఈ మహానుభావుడు!

వాటితో రక్తస్రావం ముప్పు లేదా? ఉంది. గాయం తడుస్తూనే ఉన్నా, మలం నల్లగా తారులా పోతున్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి. మోతాదు మార్చాలో, మందు మార్చాలో ఆయన చూస్తాడు. మనంతట మనం ఆపకూడదు. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా, ఛాతీలో పొడిచినా మాత్రం గ్రూపులో అడుగుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ముందు నుంచే అన్నీ మానెయ్యమనడం ఇంకా దారుణం. ఆపాల్సిన మందులు కొన్ని ఉంటాయి, అస్సలు ఆపకూడనివి కొన్ని ఉంటాయి. గుండెలో స్టెంటు ఉన్నవాడు రక్తం పలచబరిచే మందు సొంతంగా మానేస్తే ఆ స్టెంటు మూసుకుపోవచ్చు. ఏళ్లుగా స్టెరాయిడ్ వాడుతున్నవాడు ఠక్కున ఆపితే ఆపరేషన్ బల్ల మీద బీపీ పడిపోవచ్చు. చీటీలో ఉన్న ప్రతి మందు పేరూ మత్తు డాక్టరు ముందు పెట్టి, ఏది ఎప్పుడు ఆపాలో రాయించుకోవాలి. దీనికి వారం ముందు, పది రోజుల ముందు అని అందరికీ ఒకే లెక్క పెట్టినవాడు ఏ కాలేజీలో చదివాడో! గ్రూపుల కాలేజీ అయ్యుంటుంది.

కదపకూడదన్న మాటకొస్తే, ఈ రోజుల్లో ఆపరేషన్ అయిన రోజే, లేకపోతే మర్నాడు వాకర్ ఇచ్చి నిలబెడతారు. మంచం మీద ఉన్నంతసేపూ పాదాలు ముందుకూ వెనక్కూ ఆడిస్తూనే ఉండమంటారు. వద్దనే కదలికలు కొన్ని ఉంటాయి, అవి నిజంగా ముఖ్యం. కీలు వెనక వైపు నుంచి కోసి చేస్తే, మొదటి కొన్ని వారాలు మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. ముందు వైపు నుంచి చేస్తే జాగ్రత్తలు వేరు. అందుకే ఎటు నుంచి కోశారో తెలుసుకోకుండా ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకూడదు.

"ఇక జీవితంలో బరువు పని చేయలేరు."

నెలల లెక్కన ఆలోచించాలి గానీ జీవితం లెక్కన కాదు. కుర్చీ ఉద్యోగానికి సుమారు ఆరు వారాలనుకుంటే, నిలబడి చేసే చేతిపనికి మూడు నెలలూ ఆపైనా పట్టవచ్చు. పని తీరు మారుతుంది. నేలమీద గొంతుకూర్చుని కోసే ముక్కలన్నీ బల్ల మీదికెక్కుతాయి. నిచ్చెనలూ నిండు పలకలు ఒక్కడే ఎత్తడాలూ చాలాకాలం ఉండవు. మేస్త్రికి ఇది మింగుడు పడటం లేదు, ఆ మాట దాచడం ఎందుకు? ఉలి పట్టడానికి తుంటి ఎందుకంటాడు గానీ, ఉలి వెనక ఒళ్లంతా ఉంటుందని ఆయనకన్నా ఎవరికి తెలుసు.

దీని తోకగా మెసేజ్‌లో ఇంకో ముత్యం ఉంది: "చేతికర్ర నొప్పి ఉన్న వైపే పట్టుకోవాలి." తలకిందులు. నడకలో ప్రతి అడుగూ ఒంటికాలి మీద నిలబడటమే. ఒళ్లు రెండో పక్కకి ఒరిగిపోకుండా తుంటి పక్క కండరం కటిని గట్టిగా లాగి పట్టుకుంటుంది, ఆ లాగుడు కూడా కీలు మీదే పడి బరువు ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా పోతుంది. కర్ర ఎదుటి చేతిలో ఉంటే ఒరగడాన్ని అది కాస్తుంది, కండరం అంత లాగక్కర్లేదు. మేస్త్రికి ఎడమ తుంటి, కర్ర కుడిచేతిలో. అది చూసి "తప్పు చేతిలో పట్టుకున్నావన్నా" అని సరిదిద్దినవాళ్లు దయచేసి ఆయన్ని అలా వదిలెయ్యండి.

చివర్లో "నిజమైన స్నేహితులైతే పదిమందికి పంపండి" అని ఉంది. పంపనక్కర్లేదు. పనులున్నాయి. పనిబల్ల కాళ్ల కింద పెట్టడానికి దిమ్మెలు కొయ్యాలి, కొలతలు మేస్త్రే ఇస్తాడు. షాపులో నేల మీద పాములా పడున్న వైర్లు గోడకి ఎత్తాలి, ఇంట్లో జారే పట్టాలు తీసేయాలి. కుర్చీ, కమోడ్ సీటు, రెండూ ఎత్తు పెంచాలి. ఆపరేషన్ లోపు పంటి డాక్టరుకి చూపించి పుచ్చిన పన్ను సంగతి తేల్చాలి, నోట్లోని చీము రక్తంలో కలిసి కొత్త కీలుకి పట్టే ప్రమాదముంది. సిగరెట్లు మాన్పించాలి, ఆయన ముందు మీరూ కాల్చకూడదు. సగంలో ఉన్న రెండు తలుపుల పని ఇద్దరు ముందుకొచ్చి తీసుకున్నారు. రక్తం పలచబరిచే మాత్రల వేళకి రోజూ ఫోన్ చేసి గుర్తుచేసే పని మాత్రం ఇంకా ఎవరూ తీసుకోలేదు.