ముందు బండి ఆగాలి, పెట్టె సంగతి తర్వాత

గోదావరి డెల్టాలో నర్సరీల ఊరు కడియపులంకలో మొక్కల లోడు ఎక్కించడానికి ఎంత టైము పడుతుందో బయటివాళ్లకి తెలీదు. ఒక నర్సరీలో కొబ్బరి మొక్కలు, ఇంకో దాంట్లో క్రోటన్లు, మూడో దాంట్లో కుండీలు. కూలీలు ఒక్కో మొక్కనీ చేతికందిస్తూ వరసలు పేరుస్తుంటే డ్రైవరు బండి నీడలో తువ్వాలు పరుచుకుని ఫోను చూస్తుంటాడు. ఈమధ్య అలా కూర్చున్న ఒకాయనకి నా ఫోన్లో జియోక్యాషింగ్ యాప్ తీసి చూపించాను. ఒకరు ఒక డబ్బా దాచి, అది ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. మిగతావాళ్లు ఫోను పట్టుకుని వెతికి, అందులో ఉన్న పుస్తకంలో సంతకం పెట్టి, డబ్బా మళ్లీ అక్కడే పెట్టేస్తారు. అంతా విని ఆయన, "అంటే దాచేసి, ఎడ్రసు మాత్రం ఊరంతా చాటింపు వేసుకోడమాండీ" అన్నాడు. ఈ ఆటకి ఇంతకన్నా మంచి నిర్వచనం నేనెక్కడా చదవలేదు.

ఆట పుట్టి పాతికేళ్లు దాటింది. మామూలు జనం వాడే జీపీఎస్‌లో చోటు సరిగ్గా చూపకుండా కావాలని కలుపుతూ వచ్చిన తేడాని 2000 మే నెల మొదట్లో అమెరికా తీసేసింది. మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగన్ రాష్ట్రంలో ఓ నల్ల బకెట్టు దాచి, దాని చోటు ఇంటర్నెట్లో పెట్టాడు. అందులో ఓ చిక్కుళ్ల డబ్బా కూడా ఉంది. ఇప్పుడు తినేవి పెట్టడానికి రూల్స్ ఒప్పుకోవు. మన చీమలు, పందికొక్కుల ముందు అది మంచి రూలే.

లారీ డ్రైవర్లని ఈ ఆట పూర్తిగా మర్చిపోయిందని అనలేం. యాప్‌లో ఒక్కో పెట్టెకి ఉండే పేజీలో కొన్ని గుర్తులుంటాయి. అందులో పెద్ద బళ్లు వెళ్లగలవని చెప్పే లారీ గుర్తు కూడా ఉంది. వెతకడం ఎంత కష్టం, దారి ఎంత కష్టం అని 1 నుంచి 5 దాకా వేసే మార్కులు వేరే. దారికి 1 పడిందంటే చక్రాల కుర్చీలో కూడా వెళ్లొచ్చని అర్థం. అయితే లారీ గుర్తు బండి పడుతుందనే చెబుతుంది. ఆ బండిని అక్కడ వదిలి పది నిమిషాలు పక్కకి పోవచ్చా, రాత్రి లైటు ఉంటుందా, ట్యాంకులో డీజిలు తిరిగొచ్చేసరికి ఉంటుందా అన్నది చెప్పదు. ఇప్పుడు చాలా బళ్లకి క్లీనరు లేడు. కాపలా, డ్రైవింగు, పరదా కట్టుకోవడం అన్నీ ఒక్కడే.

గోదావరి జిల్లాల్లో ఎవరైనా కొత్తగా పెట్టెలు పెట్టాలనుకుంటే ముందు గుర్తొచ్చేవి జొన్నాడ, సిద్ధాంతం వంతెనలు. ఒకటి గౌతమి మీద, ఇంకోటి వశిష్ఠ మీద. 16వ నంబరు హైవే మీద అంత అందమైన చోట్లు తక్కువ. లారీ ఆపడానికి అంతకన్నా చెడ్డ చోట్లూ తక్కువే. రోడ్డు వారగా ఆగిన లారీని వెనకనుంచి కారో బైకో గుద్దిందన్న వార్త వారానికోసారైనా చూస్తాం. సరదా కోసం ఆపిన బండి అలాంటి వార్త కాకూడదు. కాబట్టి మంచి చోటు చూసి పెట్టె దాచి, బండి ఎక్కడ ఆగుతుందో తర్వాత ఆలోచించడం తలకిందుల పని. లారీ ఎటూ ఆగే చోటు ముందు చూసి, అక్కడినుంచి రోడ్డు దాటకుండా నడిచి వెళ్లే దూరంలోనే పెట్టె ఉండాలి. నాలుగు లైన్ల హైవే నడిచి దాటాల్సొస్తే ఆ పెట్టె లేనట్టే లెక్క.

డ్రైవర్లకి ఆటలాడుకునే టైమెక్కడిది అంటారు. సగమే నిజం. ఆకివీడు, భీమవరం వైపునుంచి ఐసులో చేపలేసుకుని హౌరాకో గువాహటికో బయల్దేరిన బండికి నిజంగానే టైము లేదు, ఐసు కరుగుతుంటుంది. పైగా ట్రాకర్లో ఓనరు చూస్తుంటాడు, పదిహేను నిమిషాలు ఆగితే ఫోను మోగుతుంది. కానీ అదే డ్రైవరు లోడు కోసం ఎదురు చూసినంతసేపూ ఖాళీనే. రావులపాలెంలో అరటి గెలలు ఎక్కేదాకా, అంబాజీపేటలో కొబ్బరికాయల లెక్క తేలేదాకా, మండపేట రైసు మిల్లులో కాటా అయ్యేదాకా, కాకినాడ పోర్టుకి తెచ్చిన బియ్యం దింపే వంతు వచ్చేదాకా. డెల్టాలో ఈ ఆట ఆడాల్సింది ఈ ఎదురుచూపుల దగ్గరే. పోర్టు గేటుకి ఆనించి కాదు సుమా, అక్కడ సెక్యూరిటీ వాళ్లకి కథ చెప్పుకోలేం. బయట లారీలు వరసకట్టే చోట, భోజనం హోటలు పక్కన.

బండి నడిపే రోజు కూడా విరామం ఉండాలనే చట్టం అంది. 2025లో కొత్త కార్మిక కోడ్లు వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదు గంటల పని తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. ఆ అరగంటలో కాళ్లు సాగేలా నడిస్తే మంచిదే. నిద్ర ఆపుకుని వెతికితే మాత్రం పెట్టె దాచినవాడికీ పాపమే. పెట్రోలు బంకుల దగ్గర డ్రైవర్లు పడుకోవడానికి ఆయిల్ కంపెనీలు అప్నా ఘర్ పేరుతో కట్టిన గదులున్న చోట అయితే స్నానం, నిద్ర అయ్యాక నాలుగడుగులు వెయ్యొచ్చు. మేనేజరు ఒప్పుకోవాలి, పెట్టె ఇంధనం పంపులకి దూరంగా ఉండాలి.

ఇక పెట్టె విషయం. బయటి దేశాల్లోలాగా చెట్టు తొర్రలో, తూము కింద, రాళ్ల సందులో పెట్టడం ఇక్కడ కుదరదు. కాలవగట్టు గడ్డిలో చెయ్యి పెట్టమనడం అంటే కట్లపాముకి పరిచయం చెయ్యడమే. చేతికందే ఎత్తులో, కంటికి కనిపించే చోట ఉండాలి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు చూసి లోపలి మెట్టు మీద పెట్టారో, జూన్‌లో నీళ్లొదిలేసరికి అది బంగాళాఖాతం దారి పడుతుంది. లంకల్లో, అంటే నది మధ్య దిబ్బల్లో అయితే వరద నెలలు దాటాకే. స్టీలు క్యారేజీ పెడితే మధ్యాహ్నానికి ఎవరి అన్నమో అందులో ఉంటుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా చాలు. లోపల ఏముందో కనబడే రకమైతే ఇంకా మంచిది.

కనబడాలని ఎందుకంటున్నానంటే, చెట్టు మొదట్లో గుడ్డ చుట్టి దాచిన వస్తువు చూస్తే మన ఊళ్లలో ముందు చిల్లంగి, అంటే చేతబడి అనుకుంటారు, తర్వాత పోలీసులకి ఫోను చేస్తారు. వేరే దేశాల్లో ఈ పెట్టెల్ని బాంబులనుకుని బాంబు స్క్వాడ్ వచ్చిన సందర్భాలున్నాయి. పెట్టె సంగతి అలా ఉంటే వెతికేవాడి సంగతి ఇంకా కష్టం. బీహారు నుంచో పంజాబు నుంచో వచ్చిన డ్రైవరు చీకటి పడ్డాక కొబ్బరితోట కంచె పక్కన వంగి వెతుకుతుంటే "ఏం చేస్తున్నావురా" అనే అడుగుతారు. తెలుగులో జవాబు చెప్పలేడు. చెట్ల కింద ఫోన్లో చుక్క పది మీటర్లు అటూఇటూ ఊగుతుంటుంది కాబట్టి పక్కవాడి కంచెలోకీ పోతాడు. అందుకే ఊరికే దాచడం కాకుండా ఒక టీకొట్టు చూపులో ఉంచడం నాకు సరైన పద్ధతి అనిపిస్తుంది. కొట్టాయనకి విషయం తెలుసుంటుంది, స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి ఉంటుంది, డబ్బా మీద "ఇది ఆట పెట్టె" అని తెలుగులోనూ హిందీలోనూ రాసుంటుంది. ఇలా అయితే దాచడంలో మజా పోతుంది కదా అని పాత ఆటగాళ్లు మూతి ముడుస్తారేమో. ముడవనీండి.

పెట్టే లేని రకం కూడా ఉంది. ఎర్త్‌క్యాష్ అంటారు. ఒక చోటికి వెళ్లి, అక్కడి నేల గురించి అడిగిన ప్రశ్నకి జవాబు పంపాలి. డెల్టాకి ఇంతకన్నా ఏం కావాలి? ధవళేశ్వరం దిగువన చీలిన నది మోసుకొచ్చిన ఒండ్రు మీదే మన ఊళ్లు లేచాయి. కడియపులంక పేరులోనే లంక ఉంది. ఆ మట్టి చేతిలోకి తీసుకుని ఇసక పాలెంత, బంకమట్టి పాలెంత, ఇంత మెత్తటి మట్టి ఇక్కడికెలా వచ్చింది అని అడిగితే, నర్సరీలో లోడు కోసం కూర్చున్న డ్రైవరు బండి పక్కనే జవాబు వెతుక్కోగలడు. దొంగలెత్తుకుపోయేది లేదు, వానకి తడిసేది లేదు.

చేతులు మారుతూ ప్రయాణించే నంబరు బిళ్లలు కూడా ఈ ఆటలో ఉన్నాయి. వాటిని మోయడానికి దూరం లారీ డ్రైవర్లకన్నా మొనగాళ్లుండరు. ఒక్కటే జాగ్రత్త: ఎవరిదో పార్శిలు బండెక్కించకూడదనే పాత నియమం ఇక్కడా వర్తిస్తుంది. బిళ్ల ఒక్కటే తియ్యాలి, దాంతోపాటు ఉన్న పొట్లాలు కాదు. దొరికిందని యాప్‌లో రాయడం కూడా ఆ చోటు దాటాకే. లక్షల విలువైన రొయ్యల లోడుతో ఫలానా చోట ఆగి ఉన్నానని లోకానికి అప్పటికప్పుడు చెప్పడం దేనికి? లారీ నంబరు అసలే వద్దు.

మొక్కల లోడు డ్రైవరు చివర్లో, "మరి నేను పెట్టొచ్చాండీ ఒకటి?" అని అడిగాడు. పెట్టొచ్చు, కానీ పెట్టినవాడే బాగోగులు చూసుకోవాలి. నెలకి ఇరవై రోజులు రోడ్డు మీదుండేవాడికి అది కుదిరే పని కాదు. టీకొట్టాయనతో పొత్తు కలిస్తే కుదురుతుంది. తడిసిన పుస్తకం మార్చడానికి ఓ చిన్న నోట్‌బుక్కు కావాలి, అది చాలాసార్లు బిస్కట్ ప్యాకెట్ల పక్కన ఆ కొట్లోనే వేలాడుతూ ఉంటుంది.