సవరణ: కనుపాప పెద్దదైతే శ్రద్ధ ఉన్నట్టేనా?

"పాఠం మీద మనసు పెట్టినవారి కనుపాప విప్పారుతుంది" అని గత వ్యాసంలో రాశాను. దాన్ని చదివి కొందరు ఉపాధ్యాయులు, కనుపాప చిన్నదిగా ఉన్న పిల్లలు వినడం లేదని తేల్చుకుంటున్నారు. అలా అనుకోవడం పిల్లలకు అన్యాయం. అందుకే ఆ వాక్యాన్ని ఇలా మార్చాను: "వెలుతురు మారకుండా ఉంటే, మెదడుకు పని పెరిగినప్పుడు కనుపాప కొద్దిగా విప్పారుతుంది."

వెలుతురును బట్టి కనుపాప అడ్డుకొలత సుమారు 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. ఆలోచన వల్ల వచ్చే మార్పు సాధారణంగా అర మిల్లీమీటరు దాటదు. కిటికీ పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయి ఎంత శ్రద్ధగా విన్నా ఆమె కనుపాప చిన్నదిగానే ఉంటుంది. భయపడినా కనుపాప విప్పారుతుంది. ప్రశ్న అడగగానే బెదిరిపోయే పిల్లల సంగతి మనకు తెలిసిందే.

1966లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, జాక్సన్ బీటీ చేసిన ప్రయోగం చూడండి. అంకెలను ఒక్కొక్కటిగా వినిపిస్తుంటే, గుర్తుపెట్టుకునేవారి కనుపాప అంకె అంకెకూ పెద్దదయింది. వాటిని అప్పజెబుతుంటే మళ్లీ తగ్గుతూ వచ్చింది. అక్కడ పోల్చింది ఒకే మనిషి కనుపాపను, ఒక క్షణానికీ మరో క్షణానికీ మధ్య. ఇద్దరు పిల్లలను పక్కపక్కన నిలబెట్టి పోల్చడానికి అది ఆధారం కాదు. పైగా మన ముదురు గోధుమ రంగు కళ్లలో కనుపాప అంచే సరిగా కనిపించదు. పరిశోధకులు పరారుణ (కంటికి కనిపించని కాంతితో పనిచేసే) కెమెరాలు వాడడానికి అదీ ఒక కారణం.