చల్లారిన బండికి ఓ వేడి ఉత్తరం

మహారాజశ్రీ బండి గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను హెల్మెట్ పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని, కిక్కు కొట్టి కొట్టి పట్టేసిన కుడికాలితో క్షేమం. తమరు నాకు రెండడుగుల దూరంలోనే సైడ్ స్టాండ్ మీద వయ్యారంగా ఒరిగి క్షేమంగా ఉన్నారని కళ్లారా చూస్తూనే ఉన్నాను. ఎదురుగా ఉన్నవాళ్లకి ఉత్తరమేంటని అనుకోవద్దు. నోటితో చెప్పాల్సినవన్నీ పొద్దున్నే చెప్పేశాను. పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు కూడా.

తమరు అసలు స్టార్టే కాకపోతే నాకింత బాధ ఉండేది కాదు. సెల్ఫ్ నొక్కగానే లేస్తారు. గొంతు సవరించుకుంటారు. నాలుగైదు క్షణాలు గురగురలాడతారు. హమ్మయ్య అనుకుని నేను హెల్మెట్ బకిల్ పెట్టుకునేలోపు ‘ఠుస్’. మళ్లీ సెల్ఫ్, మళ్లీ గురగుర, మళ్లీ ఠుస్. ఇలా ఏడెనిమిది సార్లయ్యాక, ఒళ్లు కాస్త వెచ్చబడ్డాక, ఏమీ ఎరగనట్టు బయల్దేరతారు. ఆ తర్వాత సాయంత్రం దాకా తమరంత బుద్ధిమంతులు లేరు.

ఆ బుద్ధిమంతుల వేషమే నా కొంప ముంచుతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళితే, దారిలోనే వేడెక్కిపోయి, ఆయన ముందు ఒక్క కిక్కుకే లేచి, కిచకిచా నవ్వినట్టు తిరుగుతారు. ఆయన తమరినీ నన్నూ మార్చి మార్చి చూసి, “బండి బానే ఉంది కదండీ” అంటాడు. ‘మీరే బాలేరు’ అన్న మాట మింగేస్తాడు. నేను కదలకపోయేసరికి, ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని మార్చే ఐడ్లింగ్ స్క్రూ ఓ అర చుట్టు బిగిస్తాడు. వేడి ఇంజన్ మీద ఆ వేగం పెంచితే ఏమవుతుంది? సిగ్నల్ దగ్గర ఆగితే అందరూ తిరిగి చూసేలా అరుస్తారు. మర్నాడు పొద్దున మాత్రం మామూలే, ఠుస్.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను ముందు బ్యాటరీని అనుమానించాను. కొత్తది కొన్నాను. తర్వాత ఆలోచిస్తే, సెల్ఫ్ గట్టిగా తిప్పుతోంది, ఇంజన్ అంటుకుంటోంది, ఆ తర్వాతే ఆగుతోంది. పాపం బ్యాటరీ తన పని తను చేసి పక్కకి తప్పుకుంది. నిర్దోషిని పంపేశానని తెలిశాక రెండు రోజులు మనసు బాలేదు. (బిల్లు చూసి మూడో రోజు కూడా.)

తర్వాత ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్ విప్పాను. కొస మీద నల్లగా, పొడిగా మసి. ఇటుకరంగుకీ బూడిదరంగుకీ మధ్య ఉండాల్సిన చోట కాటుక పెట్టుకుని కూర్చుంది. మసి అంటే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. ఎక్కువ పోస్తున్నది ఎవరా అని వెతికితే, ఎడమచేతి దగ్గరున్న చోక్ లివర్ పూర్తిగా లాగే ఉంది. ముందురోజు ఆఫీసు దాకా అలాగే వెళ్లి, అలాగే తిరిగొచ్చినట్టున్నాను. ఈ విషయం మన ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

చోక్ మాట వచ్చింది కాబట్టి, నేను కాస్త చదువుకున్నాను లెండి. పెట్రోలు ద్రవంగా ఉన్నప్పుడు సరిగ్గా మండదట, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. బరువు లెక్కన సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు చాలు. కానీ ఒళ్లంతా చల్లగా ఉన్నప్పుడు తమరికి పోసిన దాంట్లో చాలా భాగం ఆవిరవకుండా దారిలోనే గోడలకి చెమటలా అంటుకుంటుంది. లోపలికి చేరేది చాలదు. అందుకే కాసేపు ఎక్కువ పొయ్యడానికి చోక్. కొన్ని బండ్లలో అది గాలికి అడ్డం పడే రేకు. గాలీ పెట్రోలూ కలిపే తమరి కార్బొరేటర్‌లో అలా కాదు, అదనపు పెట్రోలుకి పక్కనుంచి ఓ సన్నదారి తెరుస్తుంది. ఆ దారిలో పెట్రోలు పైకి రావాలంటే ఇంజన్ గట్టిగా పీల్చాలి, గట్టిగా పీల్చాలంటే యాక్సిలరేటర్ మూసి ఉండాలి.

నేనేం చేస్తున్నాను? తమరు గురగురలాడగానే కంగారుపడి రయ్ రయ్‌మని తిప్పుతున్నాను. ఊపిరి కోసం కొట్టుకుంటున్నవాడి మెడ పట్టుకుని మాట్లాడమన్నట్టు. ఇన్నాళ్లూ నేను చేసిన సేవ ఇదన్నమాట. సరే, నాలుగు రోజులుగా చెయ్యి కట్టుకుని నిలబడుతున్నాను. ఇప్పుడు నాలుగు క్షణాల బదులు పది క్షణాలు ఉంటున్నారు. ఆ తర్వాత ఠుస్. కాబట్టి తప్పు నాది మాత్రమే కాదని సవినయంగా మనవి.

చోక్ లేని ఇంజెక్షన్ బండ్లు ఉన్నాయి కదా తమరి దాయాదులు, వాళ్లని చూసి నేనేమీ కుళ్లుకోవడం లేదు. ఇంజన్ ఎంత చల్లగా ఉందో అక్కడ ఒక సెన్సార్ చెబుతుంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు కొలిచి పోస్తుంది. సెన్సార్ చెడిపోయి ‘ఒళ్లు కాలిపోతోంది’ అని చెప్పిందా, వాళ్లదీ తమరి బతుకే.

ఇక నా నిర్ణయం. ఇవాళ సాయంత్రం తమరిని షాపులో వదిలి నడిచి వచ్చేస్తున్నాను. రాత్రంతా అక్కడే చల్లబడండి. తమరి పొద్దుటి మొహం ఆయన కూడా చూడాలి.

ఇట్లు,
తమరి కాలి సేవకుడు

తా.క. పోస్ట్ చెయ్యకముందే రెండు రోజులు గడిచాయి, కథ నడిచింది. మర్నాడు షాపు తెరిచే వేళకి వెళ్లాను. మెకానిక్ ముందు సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకున్నాడు. సెల్ఫ్. గురగుర. ఠుస్. నా జన్మలో ఠుస్ విని ఆనందించింది అదొక్కసారే.

అప్పటి నుంచీ ఆయన తీరే మారిపోయింది. బండి మళ్లీ స్టార్ట్ చేసి, ఆగేలోపు కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు మీద క్లీనర్ స్ప్రే కొట్టాడు. చీలికలోంచి గాలి లాగుతుంటే సౌండు మారాలట, మారలేదు. కార్బొరేటర్ అడుగు గిన్నె స్క్రూ వదులు చేసి పెట్రోలు మూతలోకి పట్టాడు. మూత వంచితే అడుగున రెండు మూడు నీటి బొట్లు, గాజుపూసల్లా, విడిగా దొర్లుతున్నాయి. తర్వాత యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు పెట్రోలు అందించే సన్న కన్నం, స్లో జెట్, విప్పాడు. పిల్లల చిటికెనవేలి గోరంత ఇత్తడి ముక్క. ఆకాశం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూసి, నాకిచ్చాడు. నేనూ చూశాను. వెలుతురు చుక్క కనబడాల్సిన చోట చీకటి. పాత పెట్రోలు ఎండి జిగురై మూసేసింది. వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి దాంతో పొడిచాడు. ఇనుప తీగతో పొడిస్తే కన్నం పెద్దదై కొత్త రోగం వస్తుందని, నేను అడక్కుండానే చెప్పాడు. మళ్లీ పెట్టి చూస్తే సూదిమొనంత వెలుతురు.

ఇవాళ పొద్దున చోక్ లాగి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా సెల్ఫ్ నొక్కాను. లేచారు. గురగురలాడారు. నిలబడ్డారు! నిమిషం, ఒకటిన్నర నిమిషం. చోక్ తీసేసినా నిలబడ్డారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. క్లచ్ పట్టి, మొదటి గేరు వేశాను.

ఠుస్.

సైడ్ స్టాండ్ తియ్యలేదు. స్టాండ్ దించి ఉండగా గేరు వేస్తే ఇంజన్ ఆపేసే కట్-ఆఫ్ స్విచ్ దానికి ఉందని తెలిసి కూడా. కంగారులో మళ్లీ నోరు జారిన మాటలు మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. పక్కింటి కిటికీ ఇంకా మూసే ఉంది.