ఆటగాడికి డబ్బు ముట్టింది, ఆట మైలపడింది

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ చెడిపోయింది. ఈ మాట చాలా బాధతో అంటున్నాను. వందేళ్లకు పైగా మడి కట్టుకుని నడిచిన ఆట అది. టీవీ కంపెనీలు వందల కోట్ల డాలర్లు కుమ్మరించాయి, మడి చెడలేదు. లక్షమంది పట్టే స్టేడియాలు కట్టి టికెట్లు అమ్ముకున్నారు, చెడలేదు. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతగాళ్లందరిలోకి ఎక్కువ జీతం గవర్నరుకు కాదు, స్టేట్ యూనివర్సిటీ ఆటల కోచ్‌కు ముట్టింది. అయినా చెడలేదు. 2021 జూలై 1న ఆడే కుర్రాడి జేబులో మొదటిసారి బాహాటంగా నాలుగు డాలర్లు పడ్డాయి. అంతే, ఆట మైలపడిపోయింది.

తెలియనివాళ్లకు ఒక ముక్క. ఇది మనం ఫుట్‌బాల్ అనుకునే ఆట కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు ప్యాడ్లు బిగించుకుని, బంతిని ఎక్కువగా చేత్తోనే పట్టుకుని ఒకర్నొకరు కుమ్ముకునే ఆట. మోకాలు పోతే కుర్రాడిది. మ్యాచ్ గెలిస్తే బోనస్ కోచ్‌ది.

పాత రోజుల్లో నిష్ఠ ఎలా ఉండేదో చెప్పకపోతే ఇప్పటి పతనం ఎంతటిదో అర్థం కాదు. కాలేజీ ఆటలను ఏలే ఎన్‌సీఏఏ ఒకప్పుడు ఆటగాళ్లకు చిరుతిండిగా పళ్లు, గింజలు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె పెట్టనిచ్చేది. ఆ బేగెల్ మీద క్రీమ్ చీజ్ రాశారో, నియమం తప్పినట్టే. 2014లో ఓక్లహామా యూనివర్సిటీ తనంతట తానే ఒప్పుకున్న ఘోరం ఇంకా పెద్దది. ఒక విందులో ముగ్గురు క్రీడాకారులు ఉండాల్సినదానికన్నా ఎక్కువ పాస్తా తిన్నారు. విచారణ జరిగింది. ఒక్కొక్కరూ 3.83 డాలర్లు ధర్మకార్యానికి ఇచ్చి, పాపం కడుక్కుని, మళ్లీ ఆటకు అర్హులయ్యారు. ఆ 83 సెంట్లు ఏ గరిటెతో కొలిచారో గానీ, లెక్క కట్టిన మహానుభావుడికి శతకోటి దండాలు.

పెద్ద పాపాలకు శిక్షా పెద్దదే పడేది. డల్లాస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీలో ధనవంతులైన పూర్వవిద్యార్థులు చాటుగా ఆటగాళ్లకు డబ్బులు పంచారని తేలింది. మొత్తం సుమారు 61 వేల డాలర్లు. 1987 సీజన్ మొత్తం రద్దు చేసేశారు. దానికి 'మరణశిక్ష' అనే పేరు కూడా వచ్చింది. పట్టుబడ్డాక కూడా చెల్లింపులు కొనసాగించింది ఎవరి ఆమోదంతోనో తెలుసా? అప్పట్లో యూనివర్సిటీ బోర్డు అధ్యక్షుడిగా ఉండి, ఆ తర్వాత టెక్సాస్ గవర్నరు కుర్చీలో కూర్చున్న బిల్ క్లెమెంట్స్ గారి ఆమోదంతో. మాట ఇచ్చాం కదా, మధ్యలో ఎలా ఆపుతాం అన్నది అక్కడి పెద్దమనుషుల ఆలోచన. ఇచ్చిన మాటకు కట్టుబడినందుకు ఫుట్‌బాల్ పోయింది, గవర్నరు పదవి మాత్రం భద్రం.

61 వేల డాలర్లకు ఇప్పుడు చెప్పుకోదగ్గ క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టును నడిపిస్తూ బంతి విసిరే ముఖ్యుడు, ఫోన్ కూడా ఎత్తడు.

సరే, ఈ మడి ఎలా చెడింది? 2021 జూన్‌లో ఆటగాళ్లు వేసిన ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏ చెంప ఛెళ్లుమనిపించింది. ఆ తీర్పు చదువుకు సంబంధించిన సాయం వరకే పరిమితం. కానీ న్యాయమూర్తి కావెనా విడిగా రాసిన అభిప్రాయంలో ఎన్‌సీఏఏ చట్టానికి అతీతం కాదని తేల్చేశాడు. అటు రాష్ట్రాలు చట్టాలు చేసుకుంటూ పోతున్నాయి. పది రోజుల్లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసి, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, పోలికలను అమ్ముకోవచ్చని ఒప్పుకుంది. అదే ఎన్‌ఐఎల్ (నేమ్, ఇమేజ్, లైక్‌నెస్).

ఇందులోని తత్త్వం కొంచెం సూక్ష్మం, శ్రద్ధగా వినాలి. ఆడినందుకు డబ్బివ్వడం నిషిద్ధం. ఫలానా కాలేజీలో చేరమని డబ్బు ఆశ చూపడమూ నిషిద్ధం. కేవలం ఆ అబ్బాయి ముఖానికి మార్కెట్లో విలువ ఉంది కాబట్టి ఇవ్వొచ్చు. ఆ విలువ అతను మన కాలేజీలో చేరితేనే కనిపిస్తుంది, పక్క కాలేజీకి వెళ్తే ఆవిరవుతుంది, భుజం విరిగితే సగమవుతుంది. ఇదంతా కాకతాళీయం. టెన్నెసీ, వర్జీనియా రాష్ట్రాలు 2024లో ఈ కాకతాళీయాన్ని కోర్టు మెట్లెక్కించాయి. చేరకముందే బేరాలాడకూడదన్న నిబంధనను అమలు చేయొద్దని ఫిబ్రవరిలో జడ్జి ఎన్‌సీఏఏకు చెప్పేశాడు. తత్త్వానికి ఆ రోజుతో తిలోదకాలు.

డబ్బిచ్చేవాళ్ల సంఘాన్ని కలెక్టివ్ అంటారు. కాలేజీకి దానితో సంబంధం లేదు. కాలేజీ పూర్వవిద్యార్థులే, కాలేజీ జట్టు కోసమే, కాలేజీ కోచ్‌కు కావలసిన కుర్రాళ్లకే ఇస్తారు తప్ప కాలేజీకి దానితో ఏ సంబంధమూ లేదు. 2023లో యూటా యూనివర్సిటీ వాళ్ల కలెక్టివ్ స్కాలర్‌షిప్ ఉన్న 85 మంది ఆటగాళ్లకూ తలా ఒక రామ్ పికప్ ట్రక్కు లీజుకు తీసిచ్చింది. స్టేడియంలో వరుసగా నిలబెట్టిన ట్రక్కులను చూసి గంతులేసిన కుర్రాళ్ల వీడియో చూశాను. కాలేజీ వదిలితే ట్రక్కూ వదలాల్సిందే. విధేయత అనే గుణాన్ని నాలుగు చక్రాల మీద నిలబెట్టడం అంటే ఇదీ.

అంతకుముందు కుర్రాళ్లను రప్పించుకోవడంలో ఎంత అందం ఉండేది! కోచ్ స్వయంగా విమానమెక్కి, ఏ లూసియానా పల్లెకో వెళ్లి, వాళ్ల నాయనమ్మ చేసిన కోడి వేపుడు రెండోసారి వడ్డించుకుని, "మీ అబ్బాయిని మా సొంత బిడ్డలా చూసుకుంటాం" అని చెయ్యి పట్టుకుని చెప్పేవాడు. ఆ సొంత తండ్రి మరుసటేడు ఇంకో కాలేజీ పది లక్షలు ఎక్కువిస్తానంటే సూట్‌కేసు సర్దుకునేవాడనుకోండి, అది వేరే సంగతి. ఇప్పుడు కోడి వేపుడు అలాగే ఉంది. బల్లకు అవతల మాత్రం నాయనమ్మ పక్కన ఏజెంటు కూర్చుంటున్నాడు.

ఆ తర్వాత టోపీల ఘట్టం. హైస్కూల్ జిమ్‌లో బల్ల వేసి, మూడు నాలుగు కాలేజీల టోపీలు పేర్చి, అమ్మా నాన్నల మధ్య కూర్చున్న అబ్బాయి మైకు ముందు ఒకదాన్ని ఎత్తి తలకు పెట్టుకుంటాడు. జనం కేకలు. జేడెన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్ 2022లో ముందు మయామీ అన్నాడు, నవంబరులో ఫ్లోరిడాకు మారాడు. ఫ్లోరిడా కలెక్టివ్ ఒప్పుకున్న మొత్తం 1.385 కోట్ల డాలర్లు. కొద్ది వారాల్లోనే ఆ ఒప్పందం రద్దయిపోయింది. కుర్రాడు అరిజోనా స్టేట్‌కు, అక్కణ్నుంచి జార్జియాకు వెళ్లాడు. 2024 మేలో ఫ్లోరిడా కోచ్ మీద దావా వేశాడు. తలకు టోపీ పెట్టుకున్నది ఎవరు, ఎవరికి ఎవరు టోపీ పెట్టారు అన్నది అలా కోర్టు దాకా పోయింది.

లాస్ వేగాస్‌లోని యూఎన్‌ఎల్‌వీ అనే యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా ఇంకా అమాయకుడు. 2024లో మూడు మ్యాచ్‌లు ఆడాడు, మూడూ గెలిపించాడు. ఇస్తామన్న లక్ష డాలర్లు ఇవ్వలేదని సీజన్ మధ్యలో ఇంటికెళ్లిపోయాడు. అలాంటి మాటే ఇవ్వలేదని యూనివర్సిటీ అంది. నోటి మాట మీద జీవితాలు నడిచే రోజులు పోయాయని నాలాంటి సంప్రదాయవాదులం ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాం.

ఇక నీకో ఇయామలియావా అనే మరో క్వార్టర్‌బ్యాక్. ఇతనికి టెన్నెసీలో 80 లక్షల డాలర్ల దాకా వచ్చే ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి. 2025 ఏప్రిల్‌లో బేరం తెగక ప్రాక్టీసు ఎగ్గొట్టాడు. జట్టుకన్నా ఎవరూ పెద్ద కాదని కోచ్ సాగనంపాడు. కుర్రాడు లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో తేలాడు. అక్కడ అప్పటికే ఉన్న జోయీ అగిలార్ పెట్టే సర్దుకుని ఎక్కడికి వెళ్లాడనుకున్నారు? టెన్నెసీకి. కుండమార్పిడి సంబంధం! రెండు వైపులా పెళ్లివారు సంతోషమే, లాంఛనాల దగ్గర మాత్రం కాస్త తేడా వచ్చిందట.

మిషిగన్ కథలో మనవాళ్లకు ఒక ఊరట ఉంది. 2025 బ్యాచ్‌లో దేశంలోకెల్లా మొదటి ర్యాంకు కుర్రాడు బ్రైస్ అండర్‌వుడ్ లూసియానా స్టేట్ యూనివర్సిటీకి మాట ఇచ్చి, 2024 నవంబరులో మిషిగన్‌కు తిరిగాడు. కోటి డాలర్లకు పైమాటేనని రాశారు. ఆ కాలేజీ కలెక్టివ్ బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పుకున్నది ఒరాకిల్ అధిపతి లారీ ఎల్లిసన్‌కు, ఆయన భార్యకు. ఒరాకిల్ లైసెన్సు ఫీజులు కట్టలేక మూలిగే కంపెనీల్లో పనిచేసే మన హైదరాబాద్ కుర్రాళ్లు, ఆ డబ్బు సమాజానికి ఎలా తిరిగొస్తోందో చూసి ఇకనైనా కళ్లు తుడుచుకోవాలి.

ఈ గందరగోళంలో చట్టాన్ని అక్షరాలా పాటించినవాడు ఒక్కడే కనిపించాడు నాకు. నెబ్రాస్కా ఆటగాడు డికోల్డెస్ట్ క్రాఫోర్డ్. నిజం పేరే అది. 2022 వేసవిలో ఒమాహాలోని ఏసీల కంపెనీ అతనితో ప్రకటన చేయించింది. పేరుకు విలువ ఉంది, పేరుకే డబ్బిచ్చారు. ఎన్‌సీఏఏ ఆ అబ్బాయి విగ్రహం పెట్టించాలి.

ఈ పతనాన్ని చూసి అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది అలబామా కోచ్ నిక్ సేబన్. 2021 జూలైలో ఆయనే చెప్పాడు, తన క్వార్టర్‌బ్యాక్ బ్రైస్ యంగ్ ఒక్క మ్యాచ్ కూడా మొదటినుంచి ఆడకముందే పది లక్షల డాలర్ల దగ్గరికి వచ్చేశాడని. మరుసటేడు మేలో టెక్సాస్ ఏ అండ్ ఎం జట్టు ప్రతి ఆటగాణ్నీ డబ్బు పెట్టి కొనుక్కుందని బహిరంగంగా అనేశాడు. అక్కడి కోచ్ జింబో ఫిషర్ మీడియాను పిలిచి తిట్ల దండకం చదివాడు. సేబన్ 2024 జనవరిలో రిటైరై, మార్చిలో వాషింగ్టన్ వెళ్లి సెనెటర్ల ముందు గోడు చెప్పుకున్నాడు. వచ్చే కుర్రాళ్లకు ఎంతిస్తారన్నదే తప్ప తమను ఎలా తీర్చిదిద్దుతారన్నది పట్టడం లేదని తన భార్య వాపోయిందట. ఏడాదికి కోటి డాలర్లకు పైగా తెచ్చే ఇంట్లో ఇంత నిర్వేదం! పాపం, ఆయన తన పేరు, బొమ్మ, పోలికలను అఫ్లాక్ బీమా కంపెనీ బాతు పక్కన నిలబెట్టిన రోజుల్లో కూడా డబ్బు మీద ధ్యాస ఉన్నట్టు ఎవరికీ అనిపించలేదు. విధేయత మీదా ఆయనకు మాట్లాడే హక్కుంది. 2006 డిసెంబరులో మయామీ డాల్ఫిన్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు కోచ్‌గా ఉంటూ, అలబామాకు వెళ్లబోవడం లేదని ఖరాఖండిగా చెప్పాడు. రెండు వారాలు తిరక్కుండా వెళ్లాడు. రెండు వారాలంటే తక్కువేం కాదు.

కాలేజీలూ అంతే, సంప్రదాయం కోసం ప్రాణం పెడతాయి. ఆ సంప్రదాయం కొద్దీ బిగ్ టెన్ అనే కూటమిలో ఇప్పుడు 18 కాలేజీలున్నాయి. పసిఫిక్ సముద్రపు గాలి పీల్చే స్టాన్‌ఫర్డ్, బర్కిలీ 2024 నుంచి అట్లాంటిక్ తీర కూటమిలో ఆడుతున్నాయి. మనం పైన చెప్పుకున్న డల్లాస్ పాపులు కూడా అదే ఏడు ఆ కూటమిలోనే చేరారు, అదే సీజన్‌లో జాతీయ ప్లేఆఫ్‌కూ వెళ్లారు. టీవీ ఒప్పందాల కోసం కాలేజీ ఖండం దాటితే వ్యూహం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు కాలేజీ మారితే స్వార్థం.

మన పిల్లలకు ఈ గొడవ అంటదులే అనుకునే తల్లిదండ్రులకు ఒక మాట. ఎఫ్-1 వీసా మీద చదివేవాడికి క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని లేదని, బయట కాలు పెడితే ముప్పని అమెరికాలో పిల్లలున్న ప్రతి తెలుగింట్లో కంఠతా వచ్చు. ఆ ముప్పే ఫుట్‌బాల్ మైదానంలోనూ ఉంది. బంతిని ఆకాశానికి తన్నడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చే పంటర్లు చాలామంది స్టూడెంట్ వీసా మీదే వస్తారు. పక్కవాడు కారు షోరూం ప్రకటనలో నవ్వుతుంటే వీళ్లు వీసా భయంతో మూతి బిగించుకుని కూర్చుంటారు. కెంటకీ బాస్కెట్‌బాల్ ఆటగాడు ఆస్కార్ షిబ్వే కాంగో దేశస్థుడు. 2022 ఆగస్టులో జట్టు బహమాస్ వెళ్తే, అమెరికా గడ్డ దాటిన ఆ కొద్ది రోజుల్లోనే ప్రకటనలన్నీ చేసి డబ్బు సంపాదించుకున్నాడు. గ్యాస్ స్టేషన్ కౌంటర్లో చాటుగా నిలబడే మన ఎంఎస్ కుర్రాళ్లకు బహమాస్ విమాన టికెట్ ఎవరు కొనిస్తారు?

చివరికి 2025 జూన్ 6న ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాల్లో కుదిరిన సెటిల్‌మెంటుకు జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదముద్ర వేసింది. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్లు. కాలేజీలు ఇక నేరుగానే ఆటగాళ్లకు డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది 2025-26లో ఆ పరిమితి 2.05 కోట్ల డాలర్లు. బయటి కంపెనీల నుంచి 600 డాలర్లు దాటి వచ్చే ప్రతి ఒప్పందాన్నీ డెలాయిట్ నడిపే పోర్టల్లో పెట్టి, నిజమైన వ్యాపారమేనా, రేటు సబబేనా అని తేల్చుకోవాలి. ఆడిటర్లు కూర్చుని, ఎదుటి జట్టును కుమ్మి ఆపే లైన్‌బ్యాకర్ నవ్వు ఖరీదు కడతారన్నమాట. ఇంత చేశాక కూడా కాలేజీలు ఒక్కటే వేడుకుంటున్నాయి: ఆటగాణ్ని ఉద్యోగి అనొద్దని చట్టం చేయండి మహాప్రభో అని. 1955లో కొలరాడోలో ఒక ఆటగాడు మైదానంలో దెబ్బ తగిలి చనిపోతే, భార్య కార్మికుల నష్టపరిహారం అడిగింది. రెండేళ్లకు కొలరాడో సుప్రీంకోర్టు అతను ఉద్యోగి కాదని తేల్చి ఆమెను ఉత్త చేతులతో పంపింది. ఆ మాట కాలేజీలు ఇప్పటికీ మరవలేదు.

ఇంతకీ ఆటగాళ్లందర్నీ కొన్నారని పేరుపడిన టెక్సాస్ ఏ అండ్ ఎం ఏమైంది? 2022లో దేశంలోకెల్లా గొప్ప బ్యాచ్ అన్నారు. ఆ ఏడు 5 గెలిచి 7 ఓడింది. 2023 నవంబరులో జింబో ఫిషర్‌ను తీసేశారు. ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్ల పైచిలుకు. మొదట పెద్ద ముద్ద ఒకటి, తర్వాత 2031 దాకా ఏడాదికి 70 లక్షలకు పైగా. కోచింగ్ చేయనవసరం లేదు, కోడి వేపుడు తినాల్సిన పని లేదు. ఎన్‌సీఏఏ నియమావళిలో దీనికి అభ్యంతరం ఏమీ లేదు. ఆడినందుకు డబ్బివ్వడమే కదా నిషిద్ధం.