మా వారి నడుమెక్కిన పిస్టల్ గారికి

మహారాజశ్రీ పిస్టల్ గారి సముఖానికి, డాలస్ శివారు నుంచి ఒక ఇల్లాలు రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మీ కుశలానికి లోటేమీ లేదు. మెత్తని గుడ్డతో తుడుస్తున్నారు, నూనె రాస్తున్నారు, నా కుట్టుమిషనుకు ఏనాడూ దక్కని సేవ. మా కుశలమే కాస్త అనుమానంగా ఉంది. మీకు బయట మీటలాంటి సేఫ్టీ ఏదీ లేదట. అంతా లోపలే ఇమిడి ఉందట. వేలు ట్రిగ్గర్ మీదికి పోనంతవరకు భయం లేదని మా వారు ధైర్యం చెప్పారు. జేబులో చెయ్యి పెట్టి విజయవాడలో మా అత్తగారి ఫోను మోగించగలిగిన వేలది. కాబట్టి నా ధైర్యం నా దగ్గరే ఉంచుకున్నాను.

మీరు మా గడప తొక్కడానికి చాలా కాలం పట్టింది. హెచ్-1బి వీసా మీద ఉన్నన్నాళ్లూ తుపాకీ కానీ, ఒక్క తూటా కానీ దగ్గర ఉంచుకోకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. దానికీ ఒక దొడ్డిదారి ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ ఉంటే ఆ నిషేధం వర్తించదు. అంటే రోజంతా కోడ్ రాసుకునే శాకాహారి, జింకల్ని వేటాడతానని ఒక కాగితం తెచ్చుకుంటే సరిపోతుంది. మా వారు ఆ దారి తొక్కలేదు. గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డారు. ఆ వరుసలో భారతీయుల వంతు వచ్చేసరికి పిల్లలు పుట్టి, పెరిగి, మనకే కారు నడపడం నేర్పుతారు. కార్డు చేతికి రాగానే స్నేహితులంతా తిరుపతికి టికెట్లు కొన్నారు. మా వారు ఎక్సెల్ షీటు తెరిచి మీ వంశవృక్షం రాయడం మొదలుపెట్టారు.

టెక్సస్ ప్రభుత్వం మీ విషయంలో ఉదారమైనది. 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టం అడ్డురాని వారెవరైనా లైసెన్స్ లేకుండానే మిమ్మల్ని చొక్కా కింద దాచుకుని తిరగవచ్చు. అంతకుముందు ఒక పూట క్లాసు, 3, 7, 15 గజాల దూరం నుంచి 50 తూటాల పరీక్ష ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి, కావాలనుకున్న వారికి. ఇదే రాష్ట్రంలో జుట్టు కత్తిరించాలంటే మాత్రం లైసెన్స్ తప్పనిసరి.

ఇక తూటా సంగతి. సంక్రాంతి ముగ్గులు చెరిగిన నాటి నుంచి వినాయకుణ్ణి నిమజ్జనం చేసేదాకా మా ఇంట్లో నడిచిన చర్చ ఒక్కటే: 9 మిల్లీమీటర్లా, పాయింట్ 45 ఆ? మొదటిది మిల్లీమీటర్లలో, రెండోది అంగుళాల్లో చెప్పే తూటా వ్యాసం, రెండింటికీ తేడా రెండున్నర మిల్లీమీటర్లు కూడా లేదు. అమెరికావాళ్లు తూటాను గ్రెయిన్లలో తూస్తారు. ఆ లెక్క నా బుర్రకు ఎక్కక బంగారం లెక్కలోకి మార్చుకున్నాను. అంతే, చిక్కు విడిపోయింది. 9 మిల్లీమీటర్లలో పేరున్న 124 గ్రెయిన్ల తూటా 8 గ్రాములు, అంటే ఒక కాసు. పాయింట్ 40లో 180 గ్రెయిన్లది 11.66 గ్రాములు, సరిగ్గా పాతకాలపు తులం. పాయింట్ 45లో 230 గ్రెయిన్లది తులంపావు దాటుతుంది. అంటే ఇన్ని దశాబ్దాలుగా ఈ దేశపు మగవాళ్లు జుట్లు పట్టుకుంటున్నది కాసు పెట్టాలా, తులమా, తులంపావా అని. ఆడపడుచు లాంఛనాల దగ్గర మా మేనత్తలు ఇంతకంటే తొందరగా తేల్చేవారు.

పాయింట్ 45 భక్తులు కథను ఫిలిప్పీన్స్ నుంచి ఎత్తుకుంటారు. అక్కడి మోరో యోధులు అమెరికా సైనికుల పాయింట్ 38 తూటాలు తగిలినా ఆగకుండా మీదికి వచ్చారట. దానితో 1904లో థామ్సన్ అనే సైనికాధికారి, లగార్డ్ అనే సైనిక వైద్యుడు కలిసి శవాల మీద, షికాగో పశువధశాలలో పశువుల మీద కాల్చి చూశారు. పాయింట్ 45కు తగ్గితే లాభం లేదన్నారు. ఆ కొలతకు జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్టల్‌ను 1911లో సైన్యం స్వీకరించింది. 1985లో దాని స్థానంలోకి బెరెట్టా వారి 9 మిల్లీమీటర్ల పిస్టల్ వచ్చింది. ఆ దుఃఖం ఇంకా చల్లారని వారు మా వీధిలోనే ఉన్నారు. పక్కింటి పెద్దాయన దగ్గర 1985 ప్రస్తావన తేకూడదని మా అబ్బాయికి కూడా తెలుసు.

అసలు మలుపు మయామీది. 1986 ఏప్రిల్ 11న ఇద్దరు బ్యాంకు దొంగలకూ ఎఫ్‌బీఐకీ మధ్య అక్కడ కాల్పులు జరిగాయి. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. దొంగల్లో ఒకడికి తగిలిన 9 మిల్లీమీటర్ల తూటా చేతిని చీల్చుకుని ఛాతీలోకి వెళ్లి, గుండె దాకా చేరకుండా ఆగిపోయింది. వాడు ఆ తర్వాత కూడా కాలుస్తూనే ఉన్నాడు. పథకంలో ఎన్ని లోపాలున్నా నింద ఎక్కువగా ఆ ఏడున్నర గ్రాముల సీసం మీదికే పోయింది. అది నోరులేనిది కదా. పెద్దది కావాలని 10 మిల్లీమీటర్లు తెచ్చారు. అది చేతుల్ని గట్టిగా తన్నింది. తూటాలో పేలుడుమందు తగ్గించారు. మందు తగ్గాక ఇంత పొడుగు తొడుగు దేనికని కురచ చేశారు. అలా 1990లో పాయింట్ 40 పుట్టింది, దేశంలోని పోలీసు శాఖలు ఎగబడి కొన్నాయి. 2010ల నడుమ ఎఫ్‌బీఐ మళ్లీ 9 మిల్లీమీటర్లకే వచ్చి చేరింది. తూటాల తయారీ మెరుగుపడిందట, తన్ను తక్కువట, తూటాలు నింపే మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయట, అన్నిటికీ మించి కాల్చేవారికి గురి కుదురుతోందట. ఈ చివరి మాట మా వారి షీటులో ఏ గడిలోనూ లేదు.

షీటులో ఉన్నది జెలటిన్. ఒంటి కండకు బదులుగా పదిశాతం జెలటిన్‌తో దిమ్మ పోసి, దాని ముందు నాలుగు పొరల డెనిమ్ కట్టి కాలుస్తారు. తూటా 12 అంగుళాలకు తగ్గకుండా, 18 దాటకుండా దిగబడితే ఉత్తీర్ణత. నాలుగు మడతల కంచిపట్టు కొంగుకు ఈ పరీక్ష ఎవరూ చేసినట్లు లేరు. మా వారు కొన్నది కొన దగ్గర గుంట ఉండి, లోపల పువ్వులా విచ్చుకునే రకం. కలకత్తా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారం పేరు మోసింది ఇలాంటి తూటాలతోనే. 1899 నాటి హేగ్ ప్రకటన వాటిని యుద్ధంలో వాడకూడదంది. శత్రు సైనికుడి మీద కూడని తూటా పార్కింగ్ స్థలంలో దొంగ మీద కూడుతుంది. దానికి కారణం కూడా సబబైనదే, ఒంట్లోంచి దూసుకుపోయి అవతల నడిచేవారికి తగిలే ప్రమాదం తక్కువ. ఇరవై తూటాల డబ్బా ఖరీదు చూసి, వాటిలో ఒక్కటైనా కాల్చి చూడటానికి మా వారికి చెయ్యి రాలేదు. అవి మీ కడుపులో పేలుతాయో, ఇరుక్కుంటాయో మీకే తెలియాలి.

మిమ్మల్ని చూడటానికి దుకాణానికి నన్నూ తీసుకెళ్లారు. గాజు అల్మారా వెనకున్న మనిషి నన్ను చూడగానే కింది అరలోంచి ఊదారంగు పిడి ఉన్న చిట్టి రివాల్వర్ తీశాడు. ఐదు తూటాలది. ఆడవాళ్లకు అదైతే తేలికట. తేలికే, చేతిలో కమలాపండు పెట్టుకున్నట్లుంది. అదే దాని తప్పు. తుపాకీ ఎంత తేలికైతే చేతిని అంత గట్టిగా తంతుందని న్యూటన్ సూత్రాలు చదివిన ఎవరికైనా తెలియాలి. పక్కనే గురి సాధన చేసే రేంజ్ ఉంటే అందులో కాల్చాను. ట్రిగ్గర్ లాగుతుంటే బావిలోంచి నిండు బకెట్ చేదుతున్నంత బరువు. తూటా కాగితానికి తగల్లేదు. బొటనవేలి మొదట్లో మంట మాత్రం ఇంటికొచ్చి పప్పులో గరిటె తిప్పేటప్పుడు కూడా తెలిసింది. తర్వాత పెద్దది, బరువైనది అడిగి తీసుకున్నాను, 15 తూటాల గ్లాక్ 19 పిస్టల్. అది మర్యాదగా నడుచుకుంది. తూటాలన్నీ ఒక అరచేతి మేరలో పడ్డాయి. నా చేతిలోంచి దాన్ని తీసుకుని, ఇది చొక్కా కింద దాగదండీ అన్నాడా మనిషి.

మీ కులంలో రహస్యమంతా ఇదే కదా. దాగేదానికి గురి కుదరదు, గురి కుదిరేది దాగదు. ఈ పేచీ తీర్చడానికే 2018లో సిగ్ కంపెనీ వారు పి365 తెచ్చారు, అరచేతంత పిస్టల్‌లో పది తూటాలు పట్టించి. మా వారు మిమ్మల్ని ఎంచుకున్నదీ అందుకే. మంచి ఎంపికే. కానీ ఎంచుకున్నవారు రేంజ్‌కు వెళ్లరు. క్యాలిబర్, అంటే తూటా కొలత, మీద చర్చకు కూర్చుంటే చెమట పట్టదు, చెవులు గింగురుమనవు, ఎవరి గురి ఎంతో బయటపడదు.

మీరు వచ్చాక మా బీరువా వేషం మారింది. ప్యాంట్లన్నీ నడుము దగ్గర ఒక సైజు పెరిగాయి. బెల్టులు గుర్రపు జీనుకు కట్టేంత మందమయ్యాయి. మిమ్మల్ని దోపుకునే ఒరలకు, అదే హోల్స్టర్లకు, ఒక డబ్బా పెట్టాల్సి వచ్చింది. తోలుది చెమటకు మెత్తబడింది, ప్లాస్టిక్‌ది కూర్చుంటే పొత్తికడుపులో గుచ్చుకుంది, ఇంకొకటి కారు సీటుబెల్టుతో పడలేదు. ఉగాది సభకు లాల్చీ పైజమా వేసుకోవాల్సి వచ్చినప్పుడు మా వారి ముఖం చూడాలి. నాడాకు అరకిలో దాటిన ఇనుము వేలాడదు. మొలతాడు సంగతి ఆలోచించారు కూడా, నేను విన్నాను.

గుడి మరో తంటా. 2019 నుంచి టెక్సస్‌లో, వద్దని బోర్డు పెట్టని ప్రార్థనాస్థలాలకు మిమ్మల్ని తీసుకెళ్లవచ్చు. ఆ బోర్డు ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో, అక్షరాలు అంగుళం ఎత్తుకు తగ్గకుండా ఉండాలి. తెలుగులో అక్కరలేదు. మేము వెళ్లే గుడిలో బోర్డు ఉంది. కాబట్టి మీరు కారులో ఆగిపోతారు. లోపల గోత్రనామాలు చదువుతుంటే మా వారి మనసు పార్కింగ్‌లో తిరుగుతుంటుంది, కారు అద్దం పగిలిందేమోనని.

గృహప్రవేశాలకు బోర్డులుండవు. మొన్న ఒకరింట్లో కాకినాడ నుంచి వచ్చిన పెద్దావిడ కాళ్లకు మా వారు వంగి దండం పెట్టారు. చొక్కా వెనక లేచింది. ఆవిడ ఆశీర్వదించబోయి మధ్యలో ఆగి, "నాయనా, నీకీ వయసుకే ఇన్సులిన్ పంపు పెట్టారా?" అన్నారు. "అవును పిన్నిగారూ" అన్నాను నేను. ఆయనకు ఆ పూట బూరెలు వడ్డించలేదు.

నవ్వులాటకు దొరకని రోజులూ మీ చరిత్రలో ఉన్నాయి. 2008లో న్యూయార్క్ జెయింట్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ప్లాక్సికో బరెస్, హోల్స్టర్ లేకుండా మెత్తని ప్యాంటు నడుములో దోపుకున్న పాయింట్ 40 గ్లాక్ జారుతుంటే పట్టుకోబోయి తన తొడలోనే కాల్చుకున్నాడు. న్యూయార్క్‌లో లైసెన్స్ లేదు కనుక రెండేళ్ల జైలు శిక్ష పడింది. 2023లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో చేతి సంచుల్లోంచి 6,737 తుపాకులు బయటపడ్డాయి. వాటిలో 93 శాతం తూటాలు నింపినవి. దొరికినవారు తరచూ చెప్పేది ఒకే మాట, మర్చిపోయామని. ప్రాణరక్షణకని అనుక్షణం దగ్గర పెట్టుకున్నదాన్ని!

మా వారి షీటులో గ్రెయిన్లు ఉన్నాయి, అంగుళాలు ఉన్నాయి, గ్యారంటీ ఎన్నేళ్లో ఉంది. రాత్రి మీరెక్కడ పడుకుంటారో లేదు. ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలు. కాసుకూ తులానికీ ఆ దూరంలో తేడా లేదు. మా ఇంట్లో పదహారేళ్ల కుర్రాడున్నాడు. మార్కులు తగ్గిన రోజున తలుపు ధడాలున వేసుకుంటాడు. 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక తల్లి దుకాణంలో సరుకులు తీసుకుంటోంది. పిస్టల్ కోసమే ప్రత్యేకంగా జిప్పు అర కుట్టిన చేతిసంచి తోపుడు బండిలో ఉంది. బండిలో కూర్చున్న రెండేళ్ల కొడుకు ఆ జిప్పు తీశాడు. ఆ తల్లికి తుపాకుల గురించి బాగా తెలుసు.

అందుకని మీకు ఇకపై వసతి మారుతోంది. గోడకు బిగించిన ఉక్కు పెట్టె తెప్పించాను. తాళం సంఖ్య ఇద్దరికే తెలుసు, అబ్బాయి పుట్టినరోజు కాదు. మా వారు ఇంటికి రాగానే చెప్పులకంటే ముందు మీరు విడవబడతారు. ప్రతి నెలా రేంజ్‌కు వెళ్లి, ఆ ఖరీదైన డబ్బాలోంచి కొన్నయినా కాల్చాలి. నేనూ వస్తాను, గ్లాక్ 19 అద్దెకు తీసుకుంటాను. ఈ షరతులు చదివి వినిపిస్తే మా వారు బుద్ధిగా తలూపారు. కంప్యూటర్ మీంచి చూపు మాత్రం తిప్పలేదు. 2022లో పాయింట్ 30 సూపర్ క్యారీ అని కొత్త క్యాలిబర్ ఒకటి వచ్చిందట, మీ సైజులోనే ఇంకో రెండు తూటాలు ఎక్కువ పడతాయట. షీటులో కొత్త నిలువు వరుస గీస్తున్నారు.

ఇట్లు,
తమ యజమాని గారి భార్య

తాజా కలం: హోల్స్టర్ల డబ్బా ఆదివారంలోగా ఖాళీ చేయించగలరు. అల్మారాలో ఆ అర ఆవకాయ జాడీది.