చెట్ల మధ్య ట్రాక్టర్‌కి హెచ్‌పీ ఒక్కటే లెక్కా?

చెట్లూ పొదలూ ఉన్న స్థలం కొన్నవాళ్లు చిన్న ట్రాక్టర్ ఎలా ఎంచుకోవాలో చెప్పే సందేశం ఒకటి చాన్నాళ్లుగా ఫోన్లలో తిరుగుతోంది. నాకే మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపినాయన దాన్ని నమ్మే బయానా ఇచ్చేశానన్నాడు. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అందులో ఉన్నవి ఆరు మాటలు. హెచ్‌పీ ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఏ వాలుకైనా భయం లేదు. ముందు లోడర్ (బకెట్ తగిలించి బరువులెత్తే ఇనప చేతులు) ఉంటే దుంగలకి ఇంకేమీ అక్కర్లేదు. పడిన చెట్టుని ఈడ్చేటప్పుడు గొలుసు ఎంత ఎత్తున కడితే అంత తేలిక. రోల్‌బార్ (బండి తిరగబడితే మనిషిని కాపాడే ఇనప చట్రం) కొమ్మలకి తగులుతుంది కాబట్టి మడిచి పెట్టుకోవాలి. టైర్లు ఏవైనా ఒకటే.

వీటిలో పచ్చి అబద్ధం అనదగ్గవి తక్కువ. ప్రతిదాంట్లో చిటికెడు నిజం ఉంది, అందుకే ఇంతమంది పంచుకుంటున్నారు. చదును పొలంలో ఒకటి రెండు చెల్లుతాయి కూడా. చెట్ల మధ్య చెల్లవు.

“హెచ్‌పీ ఎంత ఎక్కువైతే అంత మంచిది”

ముందు ఒక లెక్క వేద్దాం. ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్, బరువు 1,200 కిలోలు. గట్టి పొడి నేల మీద అది తన బరువులో సుమారు సగం, అంటే 600 కిలోల బలంతో లాగగలదు. అంతకు మించితే చక్రాలు జారతాయి. దుంగని ఈడ్చేటప్పుడు మనిషి నడక వేగమే, సెకనుకి 1 మీటరు అనుకోండి. 75 కిలోల బలంతో సెకనుకి 1 మీటరు లాగితే ఒక మెట్రిక్ హార్స్‌పవర్. 600ని 75తో భాగిస్తే 8. చక్రాల దగ్గర 8 హెచ్‌పీ ఉంటే ఆ ట్రాక్టర్ తన సత్తా అంతా చూపించేసినట్టే. గేర్లలోనూ టైరు జారుడులోనూ పోయేది కలుపుకున్నా పన్నెండు పదమూడు చాలు. ఇంజిన్ 25 హెచ్‌పీ అయినా 40 అయినా, ఆ పనిలో మిగిలింది ఊరికే ఉంటుంది, లేదంటే చక్రాన్ని ఉన్నచోటే తిప్పి గుంట తీస్తుంది. తడిసిన ఆకుల మీద పట్టు ఇంకా పడిపోతుంది, దాంతోపాటు వాడుకోగల హెచ్‌పీ కూడా.

లాగేది బరువు, ఆ బరువుని నేలకి పట్టించే టైరు. ఒకే చట్రానికి ఇంజిన్ కాస్త అటూ ఇటూ మార్చి మూడు నాలుగు మోడళ్లుగా అమ్మడం ట్రాక్టర్ల వ్యాపారంలో మామూలే. రెండు మోడళ్ల వివరాలు పక్కపక్కన పెట్టుకుని హెచ్‌పీ వరస మీద వేలు అడ్డం పెట్టండి. బరువు వరసలో అంకెలు ఒకటే అయితే దుంగ లాగే పనిలో రెండూ ఒకటే.

హెచ్‌పీ దండగ అనడం లేదు. పీటీఓ మీద, అంటే ఇంజిన్ శక్తిని పనిముట్టుకి అందించే తిరిగే కడ్డీ మీద, నడిచే పనిముట్లకి అది కావాలి. పొదలు కొట్టే రోటరీ కట్టర్‌కి అడుగు వెడల్పుకి సుమారు 5 హెచ్‌పీ అని మోటు లెక్క, అంటే అయిదడుగుల కట్టర్‌కి 25. కొమ్మల్ని ముక్కలు చేసే చిప్పర్ కూడా అలాగే తింటుంది. కాకపోతే అది పీటీఓ దగ్గర అందే హెచ్‌పీ, బానెట్ మీద స్టిక్కర్‌లో ఉండేది ఇంజిన్ హెచ్‌పీ. రెంటికీ తేడా 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. గేర్లకి బదులు హైడ్రోస్టాటిక్ పెడల్ (ఆయిల్ ఒత్తిడితో, క్లచ్ తొక్కకుండా బండిని ముందుకీ వెనక్కీ నడిపేది) ఉన్న బండిలో ఇంకాస్త పోతుంది. అయినా చెట్ల మధ్య నేను ఆ పెడల్‌కే ఓటేస్తాను. మోడు దగ్గర అంగుళం ముందుకీ అంగుళం వెనక్కీ పోవాల్సిన పని గంటకి వందసార్లు వస్తుంది, అన్నిసార్లూ క్లచ్ తొక్కితే సాయంత్రానికి మోకాలు పోతుంది.

పెద్దదాని కోసం ఎగబడే ముందు ఇంకొకటి. బండి వెడల్పుకి చెరో జానెడు కలిపి ఒక కర్ర కొట్టుకోండి. దాన్ని రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని మీ స్థలంలో ట్రాక్టర్ తిరగాల్సిన దారంతా నడవండి. వెడల్పు కొలిచేటప్పుడు బానెట్‌ని వదిలేయండి, వెనక టైర్ల బయటి అంచులు, ముందు బకెట్, వీటిలో ఏది ఎక్కువైతే అది. కర్ర ఎన్ని చెట్లకి తగిలిందో లెక్కపెడితే, ఏ సైజు కొనాలో సగం తేలిపోతుంది.

“ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ఏ వాలుకైనా భయం లేదు”

నాలుగు చక్రాలు తిరిగినంత మాత్రాన బండి నాలుగు కాళ్ల మీద నిలబడ్డట్టు కాదు. ముందు యాక్సిల్ మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది, ఎగుడుదిగుడు నేల మీద నాలుగు టైర్లూ ఆనాలని అలా చేస్తారు. ఆ ఊపు దాని హద్దుకి తగిలేదాకా ముందు చక్రాలు బండిని పక్కకి ఒరగకుండా ఆపవు. కాబట్టి ట్రాక్టర్ నిజానికి ముక్కాలిపీట: రెండు వెనక టైర్లు, ముందు ఆ పిన్ను. నిండు బకెట్ పైకెత్తారంటే బరువు పైకీ పోతుంది, ఆ త్రిభుజం సన్నబడే ముందు మొనవైపూ జరుగుతుంది. అప్పుడు పైవైపు టైరు ఒక చిన్న మోడు ఎక్కినా చాలు. అడ్డవాలు మీద ఒరిగే బండిని ఫోర్ వీల్ డ్రైవ్ ఆపలేదు.

దాని అసలు ఉపకారం దిగేటప్పుడు, సందేశంలో ఆ ఊసే లేదు. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులు వెనక చక్రాలకే. ముందు బరువు పెట్టుకుని వాలు దిగుతుంటే వెనక తేలికవుతుంది, బ్రేకు తొక్కితే ఆ చక్రాలు తిరగడం మానేసి జారతాయి. ఫోర్ వీల్ వేసి ఉంటే ముందు చక్రాలు కూడా గేర్‌బాక్స్‌కి కట్టుబడి ఉంటాయి కాబట్టి అవీ పట్టుకుంటాయి. దిగడం మొదలుపెట్టకముందే వేసి, చిన్న గేర్‌లో దిగాలి. సగం వాలులో గుర్తొస్తే లాభం లేదు.

“లోడర్ ఉంటే దుంగలకి ఇంకేమీ అక్కర్లేదు”

3 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల మందం ఉన్న దుంగ ఘనపరిమాణం సుమారు 0.38 ఘనపు మీటర్లు. అప్పుడే కొట్టిన గట్టి కలప నీళ్లతో కలిపి ఘనపు మీటరుకి ఇంచుమించు 1,000 కిలోలు తూగుతుంది. అంటే ఈ దుంగ 380 కిలోల దాకా ఉంటుంది. అతి చిన్న తరగతి లోడర్లకి దాదాపు అదే హద్దు. మందం 50 సెంటీమీటర్లకి పెరిగితే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కంటికి మాత్రం రెండు దుంగలూ ఒకేలా ఉంటాయి.

లోడర్ ఎత్తే బరువు అని రాసేది ఎక్కడ కొలిచిందో కూడా అడగాలి. బకెట్ తగిలించే పిన్ను దగ్గర ఒక అంకె, దానికి 500 మిల్లీమీటర్లు ముందుకి ఇంకో అంకె ఉంటాయి. పెద్దగా అచ్చు వేసేది మొదటిది, దుంగ కూర్చునేది రెండోచోట. బకెట్ బరువు కూడా అందులోంచే పోతుంది. వెనక త్రీ పాయింట్‌కి (పనిముట్లు తగిలించే మూడు చేతుల అమరికకి) బరువైన పెట్టె గానీ పనిముట్టు గానీ తగిలించకుండా దుంగ ఎత్తితే వెనక టైర్లు నేలని వదలడం మొదలుపెడతాయి. కొనే డబ్బులో ఆ బరువుకి కూడా వాటా తీసి పెట్టుకోండి. మోడుల్ని బకెట్ అంచుతో పెకలించే పని అసలే వద్దు, లోడర్ చేతులు వంకరపోతాయి.

“గొలుసు ఎంత ఎత్తున కడితే అంత తేలిక”

ఆరింట్లో మనిషిని చంపేది ఇదే. దుంగ మూతి కాస్త లేస్తే నేలలో గుచ్చుకోదన్నది నిజం. అది విని టాప్ లింక్ (త్రీ పాయింట్‌లో పై చేయి) దగ్గరో, సీటు వెనక చట్రానికో గొలుసు చుట్టేవాళ్లు ఉన్నారు. మొదటి ఏడాది నేనూ చుట్టాను. దుంగ మధ్యలో ఒక వేరుకి తట్టుకుంది. ఇంజిన్ గుర్రుమంది, నా ఎదురుగా ఉన్న బానెట్ నెమ్మదిగా ఆకాశంవైపు లేచింది. గొలుసు కొక్కెం పాతది, సాగి ఊడిపోయింది. ముందు చక్రాలు దబ్బున కింద పడ్డాయి. ఆ కొక్కెం గట్టిదై ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు.

జరిగేది ఇది. ఇంజిన్ వెనక యాక్సిల్‌ని తిప్పుతుంది. దుంగ ఇరుక్కుని చక్రాలు ముందుకి కదల్లేకపోతే, ఆ తిప్పుడు బండినే యాక్సిల్ చుట్టూ పైకి లేపుతుంది. గొలుసు యాక్సిల్ కన్నా పైన ఉంటే ఆ లాగుడు కూడా బండిని వెనక్కే వంచుతుంది. కింద డ్రాబార్‌కి, అంటే యాక్సిల్ కన్నా దిగువన వెనక ఉండే లాగుడు కడ్డీకి, కడితే, ముందు భాగం లేచేకొద్దీ డ్రాబార్ కిందికి దిగి లాగే పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలు లేవడం మొదలయ్యాక సుమారు ముప్పావు సెకనులో బండి మళ్లీ కిందకి రాని చోటికి చేరుతుంది, ఒకటిన్నర సెకనులో పల్టీ పూర్తవుతుంది. కాలు క్లచ్ దగ్గరికి వెళ్లడానికే దాదాపు అంత పడుతుంది.

దుంగలు ఎక్కువగా లాగే పని ఉంటే పెద్ద మోడల్‌కి పెట్టే అదనపు డబ్బుతో పీటీఓ మీద నడిచే విన్చ్ (ఇనప తీగని చుట్టి లాగే యంత్రం) కొనుక్కోండి. దాని బ్లేడ్ నేలలో పాతుకుంటుంది, ట్రాక్టర్ గట్టి చోట కదలకుండా నిలబడుతుంది, తీగ పదుల మీటర్ల దూరం నుంచి దుంగని మీ దగ్గరికి తెస్తుంది. వాలులోకి, బురదలోకి బండి దిగే పనే ఉండదు. తీగ తెగితే వెనక్కి కొట్టకుండా సీటు వెనక జాలీ మాత్రం తప్పనిసరి.

“రోల్‌బార్ మడిచి పెట్టుకోవాలి”

కొమ్మలు తగులుతాయి, నిజమే. అయితే కొమ్మలు కొట్టండి. కొత్త ట్రాక్టర్లకి ఈ చట్రం ఉండి తీరాలని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది, అక్కడ తిరగబడి చనిపోయేవాళ్లు ఆ తర్వాత బాగా తగ్గారు. బార్ నిలబెట్టి, బెల్టు పెట్టుకుంటేనే అది కాపాడుతుంది. బెల్టు లేకపోతే మనిషి ఎగిరి అదే బార్ కింద పడొచ్చు. ఎక్కడైనా తప్పక మడవాల్సి వస్తే బెల్టు తీసేయాలి, బండితో పాటు మనల్నీ కట్టేస్తుంది. ఆ చోటు దాటగానే మళ్లీ నిలబెట్టాలి.

ఇంకో భ్రమ కూడా ఉంది. రెండు స్తంభాల బార్ పైనుంచి పడే కొమ్మని ఆపదు. దానికి పైకప్పు కావాలి, అది కూడా ఎండకి వేసే ప్లాస్టిక్ కప్పు అయితే పనికిరాదు, పడే బరువుని తట్టుకునేలా పరీక్షించిన ఇనప కప్పు అయి ఉండాలి. ఎండు చెట్లున్న చోట దీన్ని వాయిదా వేయకండి.

“టైర్లు ఏవైనా ఒకటే”

పచ్చిక టైర్లు తడి ఆకుల మీద స్కేటింగ్ చేస్తాయి. లోతు పళ్ల వ్యవసాయ టైర్లు బురదలో బాగా పట్టుకుంటాయి. లోడర్ పనికీ, మోడుల మీద తిరగడానికీ గోడలు మందంగా ఉండే ఇండస్ట్రియల్ టైర్లు నయం. నేనైతే వీటినే ఎంచుకుని, వెనక రెంటినీ వాల్వ్ మట్టం దాకా, అంటే సుమారు ముప్పాతిక వంతు, నీళ్లతో నింపిస్తాను. బరువు యాక్సిల్ కిందే చేరుతుంది కాబట్టి లాగుడుకీ నిలకడకీ రెంటికీ మంచిదే. కాల్షియం క్లోరైడ్ కలిపితే ఇంకా బరువు పెరుగుతుంది గానీ కారితే రిమ్ములు తుప్పు పడతాయి.

ఆరు మాటలూ అయ్యాయి. సందేశంలో లేనిది ఒకటి మిగిలింది: బండి పొట్ట. పొదలు కొట్టాక చూపుడువేలంత మందం ఉన్న మోడులు ఈటెల్లా నిలబడి ఉంటాయి. కట్టర్ బండి వెనక ఉంటుంది కాబట్టి, మళ్లీ అదే దారిన వచ్చేటప్పుడు వాటి మీదుగా పోయేది బండి అడుగు భాగమే. నాకు అలాంటిదే ఒకటి హైడ్రాలిక్ గొట్టాన్ని చీల్చింది, లోడర్ ఉన్నచోటే చచ్చుబడింది. ఆయిల్ అంతా ఆకుల్లోకి పోయింది. కొన్ని మోడళ్లలో ఆయిల్ ఫిల్టర్, గొట్టాలు, వైర్లు అడుగున తెరిచే ఉంటాయి. షోరూమ్‌లో ఒక గోనెపట్టా పరిచి వెల్లకిలా పడుకుని కిందకి దూరండి. ఏది వేలాడుతోందో, ఏది మోడుకి అందుతుందో చేత్తో తడిమి చూడండి, ఇనప రేకు వేయడానికి బోల్టు కన్నాలు ఉన్నాయేమో చూడండి. లేచాక రేడియేటర్ ముందుండే జాలీని ఒక చేత్తో బయటికి లాగి చూడండి. ఆకులూ గడ్డిగింజలూ పట్టి అది పూడుకుంటుంది, పనిచేసే రోజు దాన్ని రెండు మూడు సార్లు దులపాల్సి వస్తుంది. స్పానర్ లేకుండా ఊడిరాకపోతే ఆ బండిని నేను తీసుకోను.