విద్యార్థులు ఆసక్తితో వినెదరు

బీఈడీ వాళ్ళ పాఠ్య ప్రణాళిక ఎప్పుడైనా చూశారా? పేజీ మధ్యలో నిలువుగా గీత కొట్టి ఎడమవైపు 'ఉపాధ్యాయ కృత్యం', కుడివైపు 'విద్యార్థి కృత్యం' అని రాస్తాం. ఎడమవైపు మనం ఏం చెబుతామో రాసుకోవడం న్యాయమే. కుడివైపు పిల్లలు ఏం చెబుతారో కూడా ముందురోజు రాత్రే మనమే రాసెయ్యాలి. అదీ మామూలు తెలుగులో కాదు. 'విద్యార్థులు ఆసక్తితో వినెదరు.' 'విద్యార్థులు గాలి అని సమాధానం చెప్పెదరు.' పంచాంగం రాసే సిద్ధాంతి గారికి కూడా ఇంత ధీమా ఉండదు.

నేను ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళింది గుంటూరు జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకి. సబ్జెక్టు ఫిజికల్ సైన్స్. అప్పటికి నా అనుభవమంతా మైక్రో టీచింగే. అంటే తోటి బీఈడీ వాళ్ళే పిల్లల్లా కూర్చుంటారు. 6 నిమిషాలు పాఠం చెప్పాలి, 6 నిమిషాలు తప్పులు చెప్పించుకోవాలి, 12 నిమిషాలు దిద్దుకోవాలి, మళ్ళీ 6 నిమిషాలు పాఠం, మళ్ళీ 6 నిమిషాలు తప్పులు. మొత్తం 36 నిమిషాలు. అక్కడ అందరూ నేను అనుకున్న జవాబే చెప్పేవాళ్ళు. వాళ్ళ వంతు వచ్చినప్పుడు నేనూ చెప్పాలిగా మరి.

చెడ్డ బోధన అంటే నాకు మా చిన్నప్పటి సోషల్ మాస్టారే గుర్తొస్తారు. గైడు చూసి నోట్సు చెప్పేవారు, కామాలూ ఫుల్‌స్టాపులతో సహా. ఒకసారి ఆ వేగంలో 'పటం 4 చూడుము' అని కూడా చెప్పేశారు. మేమూ రాసేశాం. నోట్సులో పటం 4 లేదు, 3 కూడా లేదు. పరీక్షలో అందరం 'పటం 4 చూడుము' అని రాసొచ్చాం. ఆయన టిక్కు పెట్టి మార్కులు కూడా వేశారు.

నేను ఛస్తే అలా కాకూడదని ప్రయోగంతో మొదలయ్యే పాఠం ఎంచుకున్నాను. ఎనిమిదో తరగతి బి సెక్షన్, గాలి పీడనం. నిండా నీళ్ళున్న గ్లాసు మీద పోస్టుకార్డు పెట్టి, చేత్తో అదిమి బోర్లించి, చెయ్యి తీసేస్తే నీళ్ళు పడవు. గ్లాసు మూతి 7 సెంటీమీటర్లుంటే దాని మీద గాలి తోపు సుమారు 40 కిలోల బరువుతో సమానం. లోపలున్న నీళ్ళు పావు లీటరు. పడమన్నా పడవు. ఇంట్లో గాజుగ్లాసుతో పదకొండుసార్లు చేశాను, పదకొండుసార్లూ వచ్చింది. చివరికి మా అమ్మ వచ్చి, "ఇక చాలు, ఆ గ్లాసు కాస్త మంచినీళ్ళు తాగడానికి ఇవ్వు" అంది.

ఆ గ్లాసు మర్నాడు బస్సులోనే పగిలింది. బ్యాగు మీద ఎవరో బియ్యం మూట పెట్టారు. స్టాఫ్‌రూములో కూజా మీదుండే స్టీలు గ్లాసు తీసుకుని క్లాసుకి పరిగెత్తాను. అప్పటికే మా కాలేజీ నుంచి వచ్చిన సూపర్‌వైజర్ సార్ పరిశీలన పత్రం పరుచుకుని, ఇంకుపెన్ను మూత తీసి, ఆఖరి బెంచీలో కూర్చుని ఉన్నారు.

పాఠానికి ముందు 'ప్రేరణ' ఉండాలి. అంటే పాఠం పేరు మనం చెప్పకూడదు, ప్రశ్నలడిగి పిల్లల నోటి నుంచే రాబట్టాలి.

"పిల్లలూ, మన చుట్టూ ఉంటుంది, కానీ కంటికి కనపడదు. ఏమిటది?"

"దేవుడు టీచర్!"

కుడివైపు కాలమ్‌లో ఈ జవాబు లేదు. "అది లేకపోతే మనం ఒక్క క్షణం బతకలేం."

"దేవుడే టీచర్!" ఈసారి క్లాసంతా.

"సైకిల్ ట్యూబులో కూడా ఉంటుంది" అని దాదాపు ఏడుపు గొంతుతో అన్నాక, రోల్ నంబర్ 27 "గాలి" అన్నాడు. వాడికి తెలియకేం, వాళ్ళ నాన్నది పంచర్ల షాపు.

తర్వాత ఆటో వాన్ గెరిక్ కథ చెప్పాను. 17వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త. 51 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు లోహపు అర్ధగోళాల్ని కలిపి, లోపలి గాలి తీసేసి, ఒక్కో వైపు ఎనిమిదేసి గుర్రాల్ని కట్టి లాగించాడు. విడిపోలేదు.

"ఒంగోలు గిత్తలైతే టీచర్?" అన్నాడు ఒకడు. "మా మామయ్య గిత్తలు బండలాగుడులో ఫస్టొచ్చాయి." "రెండు పళ్ళ గిత్తలతో అవదురా, ఆరు పళ్ళవి కట్టాలి" అన్నాడు ఇంకొకడు. క్లాసంతా వేడెక్కింది. ఎన్ని కిలోల బండ, ఎంత బలం, ఎంత పీడనం... అక్కడే పాఠమంతా ఉంది. నేనేమన్నానో తెలుసా? "పుస్తకంలో గుర్రాలే ఉన్నాయి, కూర్చోండి." మా సోషల్ మాస్టారు నా గొంతులోంచి మాట్లాడినట్టయింది.

ఇక ప్రయోగం. గ్లాసు నిండా నీళ్ళు పోసి కార్డు పెట్టాను. వెనక నుంచి సార్, "ముందు బెంచీలకే చూపిస్తే ఎలాగమ్మా, ఇటు కూడా రా" అన్నారు. వెళ్ళాను. ఆయన బెంచీ పక్కనే నిలబడి గ్లాసు బోర్లించి, "ఇప్పుడు చెయ్యి తీస్తున్నాను, నీళ్ళు పడతాయా?" అని అడిగాను.

"పడవు టీచర్!" మొదటిసారిగా నేను రాసుకున్న జవాబు వచ్చింది.

పడ్డాయి. పావు లీటరూ పరిశీలన పత్రం మీదే పడ్డాయి. అప్పటిదాకా వేసిన మార్కులన్నీ నీలంగా కరిగి సార్ ప్యాంటు మీదికి జారాయి. నా ప్రేరణకి ఎన్ని వేశారో ఆ ప్యాంటుకే తెలియాలి. క్లాసులో ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత బెంచీలు విరిగిపోయేంత నవ్వు. సార్ చేతిరుమాలు తీసి, "పీడనం సంగతేమో గానీ, గురుత్వాకర్షణ బాగా చూపించావమ్మా" అన్నారు.

నేల ఎందుకు చీలదో అనుకుంటూ నిలబడ్డాను. ఇంతలో 27 లేచి వచ్చి, గ్లాసు తీసుకుని, ట్యూబులో ముల్లు వెతికినట్టు అంచు చుట్టూ వేలు తిప్పాడు. "ఇక్కడ సొట్ట ఉంది టీచర్. కార్డు ఆనలేదు. ఇక్కణ్ణుంచి గాలి దూరింది, నీళ్ళు పోయాయి." పాఠం మొత్తం నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. నా ప్రణాళికలో దానికి ఏడు పేజీలు పట్టింది.

"రేపు మా గ్లాసులు మేమే తెచ్చుకుంటాం టీచర్" అన్నారు పిల్లలు. ఆ రాత్రి ప్రణాళిక రాస్తూ కుడివైపు చివరి గడిలో ముందు జాగ్రత్తగా 'విద్యార్థులు గది తుడిచెదరు' అని చేర్చాను.

మర్నాడు 34 గ్లాసులు, కార్డులకి కత్తిరించిన పాత శుభలేఖలు వచ్చాయి. సూపర్‌వైజర్ సార్ మాత్రం రాలేదు. ఒకమ్మాయి, "సగం గ్లాసు నీళ్ళయితే టీచర్?" అని అడిగింది. నాకు తెలియదని చెప్పాను. చేసి చూశాం, నిలిచింది. ఇక ఎవరూ నా మాట వినలేదు. కాసేపటికి నీళ్ళు గడప దాటి ఎ సెక్షన్ వైపు నడిచాయి, అక్కడి నుంచి లెక్కల మాస్టారు ఇటు నడిచారు.

ఇంటి బెల్లు కొట్టగానే ఒక్కరు లేరు. మడమల దాకా చీర ఎత్తి దోపుకుని నేనే తుడవడం మొదలుపెట్టాను. గుమ్మంలో 27 కనిపించాడు. చీపురు అందించడానికి వచ్చాడేమోనని ప్రాణం లేచొచ్చింది.

గ్లాసు మర్చిపోయాడట.